బొప్పి కట్టిన రోజు నేను చెప్పిన మాట

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. చిన్నప్పుడు నువ్వు మంచం మీంచి పడి నుదుట బొప్పి కట్టించుకున్న రోజున, మెదడులో ఒక్క కణం పోయినా మళ్ళీ పుట్టదని నిన్ను బెదిరించాను. నాకు బడిలో నేర్పిందే నీకు చెప్పాను గానీ, ఆ మాట అప్పటికే పాతబడిందని ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఆ మాటకు అంత బలం రావడానికి ఒక కారణం స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్. నాడీకణాలను సూక్ష్మదర్శినిలో చూస్తూ చేత్తో బొమ్మలు గీసిన ఆయన, పెద్దల మెదడులో కణాలకు చావే గాని పుట్టుక లేదని 20వ శతాబ్ది ఆరంభంలో రాశారు. 1960లలో జోసెఫ్ ఆల్ట్‌మన్ ఎలుకలకు రేడియోధార్మిక థైమిడిన్ ఎక్కించి, విభజన చెందే కణం కొత్త డీఎన్ఏలోకి దాన్ని తీసుకుంటుంది కనుక ఆ గుర్తును బట్టి కొత్త నాడీకణాలను చూపించినా, చాలాకాలం పట్టించుకున్నవారు తక్కువ.

మనుషుల సంగతి 1998లో బయటపడింది. కణితి పెరుగుదలను అంచనా వేయడానికి అలాంటి గుర్తు పదార్థాన్నే ఎక్కించుకున్న ఐదుగురు క్యాన్సర్ రోగుల మెదళ్ళను వారి మరణానంతరం పరీక్షిస్తే, జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాలు కనిపించాయి. అందరికన్నా పెద్దవారికి 72 ఏళ్ళు! ఆ తర్వాత స్వీడన్ శాస్త్రవేత్తలు, అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ ఏ ఏట ఎంత ఉందో, కణం డీఎన్ఏలో ఎంత ఉందో పోల్చి, ఆ కణం ఎప్పుడు పుట్టిందో లెక్కగట్టారు. ఒక్కొక్క హిప్పోకాంపస్‌లో రోజుకు సుమారు 700 కణాలు పుడతాయని 2013లో ప్రకటించారు. బాంబుల బూడిద ఇలా అక్కరకొస్తుందని ఎవరనుకున్నారు?

తగవు మాత్రం తీరలేదు. 2018లో ఒక బృందం పెద్దల్లో కొత్త నాడీకణాలు దాదాపు కనిపించలేదంటే, కొన్ని వారాలకే మరొకరు 79 ఏళ్ళ మెదడులోనూ ఉన్నాయన్నారు. లేత కణాన్ని గుర్తుపట్టించే డబుల్‌కార్టిన్ అనే ప్రోటీన్ మరణం తర్వాత గంటల్లోనే చెదిరిపోతుంది కాబట్టి, కణజాలాన్ని ఎంత త్వరగా భద్రపరిచారన్నదే అసలు చిక్కని నాకు తోస్తోంది.

ఒక్క సంగతి మిగిలింది. నీ బొప్పి కట్టింది నుదుట కదా? దాని వెనక ఉండేది మెదడు పైపొర. అదే కార్బన్ లెక్క ప్రకారం అక్కడి నాడీకణాలకు మనిషి వయసే ఉంటుంది. అంటే ఆ చోటు వరకు నేను బెదిరించింది నిజమే.

ఇట్లు,
మీ నాన్న