కాలవలో పులిహోర

అందరికీ నమస్కారమండి. పొద్దున్న లాకుల దగ్గర కాలవలో క్యారీబ్యాగు నిండా పులిహోర తేలుతోంది. జీడిపప్పులైనా ఏరుకోలేదు! ఎవరిదని అడగట్లేదు లెండి.

మన దేశంలో ఇళ్లల్లో వృథా అయ్యే తిండి మనిషికి ఏడాదికి 55 కిలోలని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక అంచనా. నలుగురున్న ఇంటికి 220 కిలోలు. కిలో బియ్యం పండడానికి వేల లీటర్ల నీళ్లు పడతాయి. వంతులవారీ నీళ్లతో దాళ్వా (రెండో పంట వరి) చేసినవాళ్లని అడగండి, చెబుతారు. పారేసిన తిండి చెత్తకుప్పలో గాలాడక కుళ్లితే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది, అదో తంటా.

ఇకమీదట అన్నం మిగిలితే రాత్రి ఎనిమిదిలోపే ఈ గ్రూపులో మెసేజ్ పెట్టండి, పాచిపోయాక కాదు. తొక్కలూ తొడిమలూ మా దొడ్లో కొబ్బరిచెట్ల దగ్గర తీసిన గోతిలో వేయండి. కవరు మాత్రం వద్దండోయ్.