బరంపురం ఫిజియో మేడమ్‌కి మా అమ్మ తరఫున, నా తరఫున

మేడమ్, పేరు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టట్లేదు. మాది పర్లాకిమిడి. మా అమ్మ వయసులో ఉన్నప్పట్నుంచీ అడ్డపొగే తాగేది, చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని, మా వైపు ముసలమ్మల్ని చూసినోళ్ళకి తెలుసు. రెండేళ్ళ కింద అంగిట్లో కేన్సర్ అని తేలితే ఆపరేషన్ చేసి, మెడలో గడ్డలు కూడా తీసేసి, తర్వాత 30 సార్లు కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. జబ్బు తగ్గింది గానీ మెడ కర్రలా బిగుసుకుపోయింది, పక్కనుంచి పిలిస్తే మనిషంతా తిరగాలి, కుడిచెయ్యి భుజం దాటి లేవదు. చెకప్‌కి వెళ్ళిన ప్రతిసారీ "ప్రాణం దక్కింది కదమ్మా, ఇవన్నీ మామూలే" అనేవాళ్ళు.

మీరేమో మొదటిరోజు మెడ ముట్టుకోనేలేదు. నొప్పి కొత్తగా పెరిగిందంటే ముందు జబ్బు తిరగబెట్టలేదని డాక్టర్‌తో తేల్చుకుని రండి అన్నారు, బస్సు చార్జీలు దండగని ఆరోజు నాకు కోపమొచ్చింది, సారీ.

రెండోసారి గంటసేపు కొలతలే. రెండు పుల్లల స్కేల్‌తో మెడ ఎటు ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో చూసారు, మామూలుగా పక్కకి 80 దాకా రావాలంట, అమ్మకి కుడివైపు 35. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పడతాయా అని కూడా చూసారు, పడలేదు. ఇంగ్లీష్ ఫారంలో 10 ప్రశ్నలుంటే అన్నీ అమ్మకి అర్థమయ్యేలా అడిగారు, జడేసుకోగలవా పిన్నీ, బిందె ఎత్తగలవా, ఏ పక్కకి పడుకుంటే మెలకువొచ్చేస్తోంది అని. కారు నడపడం గురించిన ప్రశ్న వదిలేసి మిగతావాటికే మార్కులేసారు. కార్ అంట, మా అమ్మ సైకిలే ఎక్కలేదు!

గడ్డల పక్కనుంచే భుజానికి వెళ్ళే నరం ఉంటుందని, కొయ్యకపోయినా లాగుడుకి నీరసిస్తుందని, కరెంటు పెట్టిన చోట కండ నెలల తర్వాత కూడా గట్టిపడుతూనే ఉంటుందని మీరు చెప్పేదాకా, అమ్మ సాకులు చెప్తోందేమో అని నేనూ లోపల అనుకున్నా. ఆ మాట అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

మూడు నెలలు మీరు చెప్పినవే ఇంట్లో చేయించా. మొన్న కొలిస్తే 35 కాస్తా 55 అయ్యింది. నొప్పి పూర్తిగా పోలేదు, పోతుందని మీరూ అనలేదు. వచ్చే నెల మళ్ళీ వస్తాం మేడమ్, ఈసారి జడ తనే వేసుకుని వస్తానంటోంది.