బొమ్మొచ్చేసిందండి, ఆయ్

అమలాపురం

ఒరేయ్ శీనూ,

దసరాకి వస్తానని నమ్మబలికి ఎగ్గొట్టావు కదా, ఈ ఉత్తరం మొత్తం చదవడమే నీకు శిక్ష. నా సెలవులు సగం డాబా మీదే గడిచాయి, ఆ సంగతి చెబుతాను.

నాన్నగారు నెలనెలా రీచార్జి మీద అలిగి, నెలవారీ చందా లేని దూరదర్శన్ వాళ్ల డీడీ ఫ్రీ డిష్ పెట్టించారు. కట్టలేక కాదు, కట్టడం ఇష్టం లేక. నీకు తెలుసుగా ఆయన సంగతి. బజారులోంచి ఒక కుర్రాడు వచ్చి అరగంటలో డిష్ గొడుగు బిగించి, టీవీలో సప్తగిరి కనపడగానే "బొమ్మొచ్చేసిందండి, ఆయ్" అని డబ్బులు జేబులో వేసుకుని చక్కా పోయాడట. ఎండ కాసినన్నాళ్లూ బాగానే ఉంది. నాలుగు చినుకులు పడేసరికి బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి, వార్తలు చదివే అమ్మాయి నోరు తెరిచి అలాగే ఉండిపోయేది. పక్కింటాయన "వానకి ఏ డిషైనా అంతేనండి" అని తీర్పు ఇచ్చేశాడు.

అందులో సగం నిజమే. ఉపగ్రహం నుంచి ఈ గొడుగులోకి సిగ్నల్ దిగేది పదకొండు, పన్నెండు గిగాహెర్ట్జ్ దగ్గర. తరంగం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. జోరువాన దాన్ని కొంత మింగేస్తుంది. కానీ చినుకులకే పోతోందంటే తప్పు వానది కాదు.

మన చిన్నప్పటి అల్యూమినియం ఏంటెన్నా గుర్తుందా? నువ్వు పైనుంచి తిప్పుతూ "వచ్చిందా?" అంటే నేను కిందనుంచి "చీమలే!" అని అరిచేవాణ్ణి. దాని తప్పు కళ్లకి కనపడేది. కొంచెం పక్కకి తిరిగితే కొన్ని చీమలు, బాగా తిరిగితే మొత్తం చీమలే. ఇప్పటి డిజిటల్‌ది అలా కాదు. గట్టు చివర ఒంటికాలి మీద నిలబడి కూడా నిగనిగలాడే బొమ్మ చూపిస్తుంది. చిన్న గాలి తగిలితే ఒక్కసారిగా కాలవలో పడుతుంది. బొమ్మ రావడం వేరు, గొడుగు కుదరడం వేరు. ఆ కుర్రాడు మొదటిదే చూసుకుని వెళ్లాడు.

రిమోట్‌లో మెనూ నొక్కి సిగ్నల్ పేజీ తెరిచాను. రెండు గీతలుంటాయి. పైది బలం, కిందది నాణ్యత. మనవాళ్లంతా పైదాన్నే చూసి మురిసిపోతారు. అది వట్టి చప్పుడురా. సంతలో గోల ఎంతుందో చెబుతుంది గానీ మనవాడి మాట వినపడిందో లేదో చెప్పదు. గొడుగు వేరే ఉపగ్రహం వైపు తిరిగినా పై గీత నిండుగానే ఉంటుంది. చూడాల్సింది కింద గీతని. మా ఇంట్లో బలం 82, నాణ్యత 38. ఈ అంకెలు బాక్సుని బట్టి మారతాయి, మీ ఇంటి అంకెతో పోల్చి కంగారుపడకు.

ఇక పైకెక్కాను. కింద నాన్నగారు రిమోట్‌తో, మధ్యలో మెట్ల మీద అమ్మ. ఫోన్ ఎందుకురా, అమ్మ గొంతు ఉండగా! కాకపోతే ప్రతి అంకెకీ వ్యాఖ్యానం కలిపేది. "నలభై రెండటరా, ఆ కాఫీ చల్లారిపోతోంది."

ముందు దారానికి రాయి కట్టి స్తంభం పక్కన వేలాడదీశాను. స్తంభమే పిట్టగోడ వైపు ఒరిగి ఉంది! అది నిటారుగా లేకపోతే పక్కకి తిప్పిన ప్రతిసారీ ఎత్తు కూడా మారిపోతుంది, ఎంత తిప్పినా లెక్క తేలదు. సరిచేసి బిగించాక దిక్కు చూశాను. మన ఫ్రీ డిష్‌కి ఛానళ్లు పంపే జీశాట్-15 ఉపగ్రహం (2015 నవంబరులో ఎగిరింది) 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, భూమధ్యరేఖకి 35,786 కిలోమీటర్ల పైన ఉంది. మన కోనసీమ నుంచి చూస్తే ఉత్తరం నుంచి 144 డిగ్రీలు, అంటే ఆగ్నేయం. నాన్నగారు వెంటనే "వంటింటి మూలే కదా, వాస్తు ప్రకారమే ఉందిరా" అన్నారు.

ఎత్తు 66 డిగ్రీలు. గొడుగుని చూస్తే అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు. ఈ చిన్న గొడుగుల గిన్నె పాతిక డిగ్రీల దాకా కిందికి చూస్తున్నట్టు కనపడుతుంది, అసలు చూపు ఇంకా పైకి ఉంటుంది. ఇది తెలియక చాలామంది దూరంగా ఉన్న చెట్టుని తిడతారు.

తిప్పడంలో ఓపిక కావాలి. రెండడుగుల గొడుగు అంచు ఏడు మిల్లీమీటర్లు జరిగితే చాలు, సగం బలం హరీ! పైగా బాక్సు అంకె మార్చడానికి రెండు క్షణాలు తీసుకుంటుంది. వెంట్రుకవాసి జరిపి, చెయ్యి తీసి, అమ్మ కేక కోసం ఆగాలి. 38 కాస్తా 64 అయింది. ఎల్ఎన్‌బిని, అదే గొడుగు ముందు కర్ర చివర సిగ్నల్ పట్టే మూతిని, అటూ ఇటూ కొద్దిగా మెలితిప్పితే 68. సంబరంగా బోల్టులు బిగించానా, 60! ఒక బోల్టు పూర్తిగా బిగిస్తే గొడుగు అటు లాగేస్తుంది. మళ్లీ మొదలు, ఈసారి అన్నీ కొంచెం కొంచెంగా.

అసలు దొంగ చివర్లో దొరికాడు. బాక్సు ప్లగ్గు తీసి (ఆ వైరులో 13, 18 వోల్టులు పైకి వెళుతుంటాయి, మర్చిపోకు) ఎల్ఎన్‌బి దగ్గర కనెక్టరు విప్పితే, లోపల నీళ్లు! రాగి కొనకి పచ్చటి చిలుము. మన సముద్రపు గాలికి నెల చాలు. రెండంగుళాలు కోసి కొత్త కనెక్టరు వేసి, టేపు చుట్టి, వైరుని ఒక వంపు కిందికి జార్చి కట్టాను. ఇక నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. నాణ్యత 77. అమ్మ ఈసారి వ్యాఖ్యానం లేకుండా అంకె ఒక్కటే చెప్పింది.

ఆ రాత్రే దంచికొట్టింది వాన. నాన్నగారు వార్తలు వదిలేసి ఆ సిగ్నల్ పేజీనే చూస్తూ కూర్చున్నారు. 77, 63, 51. బాగా ఉరిమినప్పుడు 44. బొమ్మ మాత్రం కదల్లేదు. తెల్లారాక పంచాంగం వెనక అట్ట మీద తేదీ వేసి "ఎండలో 77" అని రాసుకున్నారు. ఇకముందు అంకె తగ్గితే తేడా తెలుస్తుంది కదా.

హైదరాబాదు నుంచైతే దిక్కు 138, ఎత్తు 63. మీ బాల్కనీ మీద శ్లాబు అడ్డం వస్తుందేమో, కొనేముందు చూసుకో.

మా ఇంకో చిక్కేంటంటే, గొడుగుకి సరిగ్గా ఆగ్నేయంలో, నాలుగు మీటర్ల దూరంలో ఒక కొబ్బరిచెట్టు ఎదుగుతోంది. ఇప్పటికి డాబా ఎత్తు దాటింది, అంతే. ఇంకో తొమ్మిది మీటర్లు పెరిగిందంటే మట్టలు అడ్డం వస్తాయి. ఇప్పుడే గొడుగు జరుపుదామా అన్నాను. నాన్నగారు చెట్టు వంక, నా వంక చూసి "అంతదాకా వచ్చేసరికి నువ్వు మళ్లీ దసరాకి వస్తావుగా, అప్పుడు జరుపుదువుగానిలే" అన్నారు.

ఈసారి నువ్వూ రా. నిచ్చెన పట్టుకోవడానికి మనిషి కావాలి.

నీ
రాంబాబు