మూడో సిలిండర్ మిస్సింగ్ పట్టిచ్చిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

చిత్తూరు, తిరుపతి డ్రైవర్ అన్నదమ్ములందరికీ నమస్కారం. మా ఏడు సీట్ల పెట్రోల్ బండి మళ్లీ కొండెక్కుతా ఉంది. ఇంజన్ పైభాగమైన హెడ్ మార్చినాక పట్టుకున్న మిస్సింగ్, అంటే ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం, పూర్తిగా పోయింది. అందుకు కారణమైన వాళ్లకు ఎదురుగా దండం పెట్టి చెప్పినాను గానీ, అంతటితో నా మనసు కుదుటపడలేదు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి గురించో వాళ్లకు తెలుస్తుంది. వాళ్లు చేసిన పని మాత్రం వివరంగా రాస్తాను. హెడ్ పని చేయించుకుని ఇదే బాధ పడేవాళ్లకు అక్కరకొస్తుంది.

ఎండాకాలంలో పలమనేరు దగ్గర రేడియేటర్ హోస్ పగిలి ఇంజన్ బాగా వేడెక్కింది. హెడ్ పగిలింది. వెల్డింగ్ పెట్టినా నిలవదన్నారు. సెకండ్ హ్యాండ్‌లో మంచి హెడ్ ఒకటి దొరికితే, వాల్వులు కూర్చునే సీట్లు కోయించి, వాల్వులు గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ (అడుగు చదును) చేయించి, కొత్త గ్యాస్‌కెట్ వేసి బిగించినారు. పొద్దున స్టార్ట్ చేస్తే బండి బ్రహ్మాండంగా ఉండేది. టెంపరేచర్ ముల్లు మధ్యకొచ్చి, ఏదైనా సర్కిల్ దగ్గర ఆగినామంటే స్టీరింగ్ అదిరేది, సైలెన్సర్‌లో టప్ టప్‌మని కొట్టేది. రేస్ ఇస్తే సర్దుకునేది. ఎక్కుడు రోడ్డులో చెక్ ఇంజన్ లైటు మెరిసి మెరిసి ఆరేది. ఆ స్థితిలో యాత్రికులను ఎక్కించుకుని అలిపిరి దాటడం నాకు ఇష్టం లేదు. తిరుమల కొండకు ఎక్కే ఘాట్ అది, నడుమ బండి నిలబడితే వెనక వచ్చే వాళ్లకూ ప్రమాదమే.

స్టాండులో అడిగితే ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ అన్నారు, పెట్రోలు పంపు అన్నారు, ఇంజన్ కంప్యూటర్ ఈసీఎం అన్నారు. అన్నీ కొనుంటే హెడ్ ఖర్చుకు ఇంకో హెడ్ ఖర్చు తోడయ్యేది.

నా మొదటి కృతజ్ఞత తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్క స్కానర్ పెట్టుకున్న తమ్ముడికి. మిషన్ తగిలించక ముందే ఒక మాట చెప్పినాడు. "అన్నా, ఆ లైటు నిలకడగా వెలిగితే మెల్లగా తోలుకుని షెడ్డుకు రావచ్చు. మెరుస్తా ఉంటే మాత్రం తోలొద్దు. కాలని పెట్రోలు పోయి సైలెన్సర్ లైన్‌లో పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌లో మండుతుంది, అది కూడా పోతుంది." ఆ మాట విని బండిని అక్కడే పెట్టేసినాను. అది ఎంత మేలు చేసిందో తర్వాత చెప్తాను.

స్కానర్‌లో మిస్సింగ్ కోడ్ పి0303 వచ్చింది. చివరి అంకె సిలిండర్ నంబరు. పి0300 వచ్చుంటే ఏ ఒక్క సిలిండరో చెప్పలేమనేవాడు. మూడో సిలిండర్ కాయిల్ తీసి ఒకటో దానికి, ఒకటో దాని కాయిల్ మూడోదానికి వేసి, కోడ్ చెరిపి, ఇంజన్ వేడెక్కేదాకా స్లోలో పెట్టినాడు. కాయిల్‌దే తప్పయితే కోడ్ పి0301కి మారాలి. మారలేదు. తర్వాత ప్లగ్గులు అట్లే మార్చినాడు, ఆ తర్వాత పెట్రోలు పంచే గొట్టం (ఫ్యూయల్ రైల్) విప్పి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు. ఒకసారికి ఒకటే వస్తువు, రెండు కలిపి ఎప్పుడూ మార్చలేదు. ప్రతిసారీ మూడో సిలిండరే. ఇంజన్‌లోకి గాలి పోయే ఇన్‌టేక్ మానిఫోల్డ్ చుట్టూ కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి చూసినాడు. ఎక్కడైనా గాలి పీలుస్తుంటే ఇంజన్ వేగం మారుతుందంట, అదీ మారలేదు. సిలిండర్‌లో గాలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెడితే మిగతా మూడూ 175 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) దగ్గర ఉంటే, మూడోది 165 చూపించింది. అప్పటికి ఇంజన్ చల్లారిపోయి ఉంది. ఆ తేడాతో ఇంత మిస్సింగ్ రాదన్నాడు.

షెల్ఫులో కొత్త కాయిళ్లు పెట్టుకుని, "నీ కాయిల్ బాగుంది, కొనొద్దు" అని చెప్పిన మనిషి ఆయన. తన చేతిలో తేలేది అంతవరకేనని ఒప్పుకుని, తనే ఫోన్ చేసి చిత్తూరులో ఉండే పెద్దాయనకు అప్పగించినాడు.

ఆ పెద్దాయన ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి రిటైరైనారు. బండి లాగించుకుని పోతే, బానెట్ కూడా తెరవకుండా ఒకే ప్రశ్న వేసినారు. "కంప్రెషన్ చల్లంగా ఉన్నప్పుడు చూసినారా నాయనా, వేడి మీద చూసినారా?" అసలు దారి దొరికింది అక్కడే. ఇంజన్ బాగా వేడెక్కించి, ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ తీసి, ప్లగ్గులన్నీ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి సెల్ఫ్ కొట్టించినారు. నాలుగు సిలిండర్లకు వరసగా 172, 170, 105, 174. మూడోది కూలబడింది.

ఆ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూసినారు. 108. పిస్టన్ రింగులు పోయుంటే ఆయిల్‌కు అంకె బాగా లేవాలి, లేవలేదు కాబట్టి పిస్టన్ వైపు తప్పు లేదు. తర్వాత మూడో పిస్టన్‌ను వాల్వులన్నీ మూసుకోవాల్సిన చోట పైకి తెచ్చి నిలబెట్టి, ప్లగ్ రంధ్రం గుండా కంప్రెసర్ గాలి ఎక్కించినారు. "ఎక్కడ బుస కొడుతుందో నువ్వే చెప్పు" అన్నారు. రేడియేటర్‌లో బుడగల్లేవు, అంటే గ్యాస్‌కెట్ బాగుంది. ఆయిల్ మూత దగ్గర చప్పుడు లేదు. ఎయిర్ ఫిల్టర్ వైపు లేదు. సైలెన్సర్ చివర చెయ్యి పెడితే గాలి తగిలింది. పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకోవడం లేదు.

ఎందుకో ఆయన విడమరిచి చెప్పినారు. సీటు కోసి, వాల్వ్ గ్రైండ్ చేసినప్పుడు వాల్వ్ కూర్చునే చోటు లోపలికి పోతుంది. అంతమేరా దాని కాడ పైకి లేస్తుంది. పైన వాల్వును నొక్కే క్యామ్‌కు, వాల్వ్ కాడ మీద టోపీలా కూర్చునే టాపెట్ బకెట్‌కు నడుమ ఉండాల్సిన సందు తగ్గిపోతుంది. మా బండిలో స్క్రూ తిప్పి సర్దే టాపెట్లు కావు, సందు సరిచేయాలంటే వేరే మందం బకెట్ వేయాలి. హెడ్‌తో వచ్చిన బకెట్లనే కొలవకుండా తిరిగి పెట్టేసినారు. చల్లంగా ఉన్నప్పుడు వాల్వ్ ఎట్లో మూసుకుంటుంది. వేడికి కాడ సాగితే ఆ కాస్త సందూ పోయి, తలుపు సందులో చెప్పు ఇరుక్కున్నట్టు, మూసినా మూసుకోదు. రేస్ ఇస్తే గాలి కారడానికి వ్యవధి ఉండదు, అందుకే పైకి బాగున్నట్టు కనిపించేది.

ఇంజన్ చల్లారినాక టాపెట్ కవర్ తీసి, సందు కొలిచే పలచటి బ్లేడ్ల ఫీలర్ గేజ్ పెడితే, మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వుల్లో ఒకదానికి 0.05 మి.మీ. బ్లేడు కూడా దూరలేదు. అక్కడ ఉండాల్సింది 0.30. దాని పక్కదానికి 0.15 ఉంది.

హెడ్ పని చేసిన లేత్ ఆయనకు కబురు పెడితే తనే వచ్చినారు. వాదించలేదు. గేజ్ తన చేత్తో పెట్టి చూసుకుని, క్యామ్ విప్పి బిగించే పని తను చేస్తానని ముందుకొచ్చి, కూలి తీసుకోలేదు. ఆయనకూ నా కృతజ్ఞతలు, మనస్ఫూర్తిగా.

సందే లేని చోట కొలిచేదెట్ల? ముందు పలచటి బకెట్ వేసి కొలిచినారు. 3.00 మి.మీ. బకెట్‌కు 0.38 సందు వచ్చింది, కావాల్సింది 0.30, కాబట్టి 3.08 వేయాలి. ఆ లెక్క పెద్దాయన కాగితం మీద వేసి చూపించినారు. స్పేర్స్ షాపు అన్న రకరకాల మందాల బకెట్లు చెన్నై నుంచి తెప్పించి, "కుదిరినవి ఉంచుకో, మిగిలినవి తెచ్చియ్యి" అన్నారు. డబ్బు కూడా వాడిన వాటికే తీసుకున్నారు. టైమింగ్ చైన్‌కు పెయింట్ గుర్తు పెట్టి, క్యామ్ తిరిగి ఎక్కించినాక, వేడి మీద మూడో సిలిండర్ 171 చూపించింది. సైలెన్సర్‌లో బుస లేదు. వాల్వ్ అంచు కాలిపోలేదంటే, లైటు మెరుస్తున్నప్పుడు తోలొద్దని తమ్ముడు ఆపినందుకేనని పెద్దాయన అన్నారు. లేకుంటే హెడ్ మళ్లీ దించాల్సి వచ్చేది.

ఇంకొకరు ఉన్నారు. మా వీధిలోని డ్రైవరన్న. కాణిపాకం, శ్రీకాళహస్తి, శ్రీపురం తిప్పుతానని నేను ఒప్పుకున్న కుటుంబాన్ని తన బండిలో తీసుకుపోయి, డీజిల్ ఖర్చు పట్టుకుని మిగిలిన బాడుగ మా ఇంట్లో ఇచ్చి పోయినారు. అన్నా, మీ ఇంట్లో వాళ్లందరూ చల్లగా ఉండాలి.

హెడ్ పని చేసే షెడ్ల వాళ్లకు ఒక విన్నపం. బిల్లు వెనక వాల్వ్ సందుల రీడింగులు రాసివ్వండి. కొలవడానికి పట్టేది కాసేపే, రాసి ఇస్తే బండి వాడికి ఎంతో ధైర్యం. పెద్దాయన నాకట్ల రాసిచ్చినారు. 5,000 కిలోమీటర్లు తిరిగినాక మళ్లీ తెమ్మన్నారు, కొత్తగా కోసిన సీట్లు ఇంకా కొంచెం కుదురుకుంటాయంట. ఆ కాగితం ఫోటో దీంతో పాటు పెడుతున్నాను. పదహారు వాల్వుల సందులూ ముందెంత, తర్వాతెంత అని ఉన్నాయి. ఆ అంకెలు మా ఇంజన్‌వి, మీ బండికి మీ మాన్యువల్‌లో ఉన్నవే చూసుకోండి.