కడప కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: సైనికుల అర్హతా బిళ్ళలు తుక్కులో కలవకముందే

గౌరవనీయులైన వై.ఎస్.ఆర్. కడప జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

జిల్లా సైనిక బోర్డుకు అధ్యక్షులు మీరే కనుక ఈ విన్నపం మీకే చేస్తున్నాం. పట్టాళంలో పనిచేసి వచ్చినవాళ్ల ఇళ్లలో ట్రంకు పెట్టె అడుగున ఇత్తడి బిళ్ళలు, దారంతో కుట్టిన గుడ్డ బ్యాడ్జీలు పడి ఉంటాయి. పతకాలకైతే చాలావాటి అంచు మీద సైనికుడి నంబరు, పేరు ఉంటాయి కాబట్టి ఎవరూ పారెయ్యరు. నేర్చిన పనికి గుర్తుగా ఇచ్చే అర్హతా బిళ్ళ మీద పేరుండదు. ఆయన పోయాక అది ఎవరిదో, దేనికిచ్చారో చెప్పేవాళ్లుండరు. చివరికి పాత సామానువాళ్ల తక్కెట్లోకి ఇత్తడి కింద పోతుంది.

నిజానికి ఆ మనిషి ఏ పని నేర్చి పరీక్ష నెగ్గాడో చెప్పేది ఈ బిళ్ళే. అడ్డంగా పెట్టిన రెండు తుపాకులుంటే గురి తప్పని షూటర్, రెండు జెండాలుంటే సందేశాలు పంపే సిగ్నలర్, గుర్రపు నాడా ఉంటే నాడాలు కొట్టే ఫారియర్. ఆకుల దండ మధ్య ‘ఎల్‌జీ’ అని ఉంటే లూయిస్ గన్ అనే తేలిక మెషిన్ గన్ నేర్చినవాడు. 1930లలో వికర్స్ బెర్తియర్, ఆ తర్వాత బ్రెన్ గన్ వచ్చేసరికి ఆ బిళ్ళకు కాలం చెల్లింది. వైమానిక దళం పేరులో ‘రాయల్’ ఉన్నది 1945 మార్చి నుంచి 1950 జనవరి దాకానే. అందుకే ఆ అక్షరాలున్న రెక్కల బ్యాడ్జీలు అరుదు. బిళ్ళ మీద కిరీటం ఉంటే అది గణతంత్రానికి ముందటి నమూనా. తర్వాత కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి.

ఇంట్లో జరిగే నష్టం ఎక్కువగా ప్రేమతోనే జరుగుతోంది. పండక్కి బిందెలతో పాటు బిళ్ళనూ చింతపండు పెట్టి తోముతారు. ఆ పులుపుకు పైపొర కరుగుతుంది, రుద్దుడుకు కిరీటంలో ముత్యాల వరస, ఆకుల ఈనెలు అరిగి నున్నగా అవుతాయి. ఒకసారి పోయిన గీత మళ్లీ రాదు. పీవీసీ కవర్లో పెడితే దాన్నుంచి వచ్చే ఆమ్లానికి ఇత్తడి మీద జిగట పచ్చదనం పడుతుంది. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే ఆ బిళ్ళను మిగతావాటి నుంచి వెంటనే వేరుచేయాలి. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో మూత గట్టి డబ్బాలో పెడితే చాలు. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే పొట్లం మార్చాలి. జరీ పని ఉన్నవాటిని ఉతకనే కూడదు. గంధకం తగిలి వెండి తీగ నల్లబడుతుంది, దాన్ని అలాగే వదిలేయాలి. ఉన్ని గుడ్డకు చిమ్మట భయం ఉంటుంది కానీ, కలరా ఉండలను జరీకి ఆనించి పెట్టకూడదు. చొక్కా చేతికి కుట్టి ఉన్న బ్యాడ్జీని కత్తిరించి తీయొద్దు. ఏ చేతికి, ఎంత ఎత్తున కుట్టారన్నదీ సాక్ష్యమే.

ఈ బిళ్ళలకు నకిలీలూ ఉన్నాయి. డై (అచ్చు దిమ్మ)తో కొట్టిన అసలు బిళ్ళ వెనక, ముందున్న బొమ్మ పల్లంగా కనిపిస్తుంది. పోతపోసిన నకిలీకి వెనక చదునుగా, సన్నని గుంతలతో ఉంటుంది, అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి. వెనకనున్న రాగి కొక్కేల అతుకు మరీ కొత్తగా మెరిసినా అనుమానించాల్సిందే.

మేం కోరేది పెద్ద ఖర్చు కాదు. సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక రిజిస్టరు తెరిపించండి. ప్రతి బిళ్ళకూ స్కేలు పక్కన పెట్టి ముందూ వెనకా ఫోటో, కొలత, బరువు, ధరించినవారి పేరు, రెజిమెంటు, డిశ్చార్జి పుస్తకంలో ఆ అర్హత రాసిన పేజీ నకలు తీసుకుంటే చాలు. బిళ్ళను అదే రోజు ఇంటివాళ్లకు ఇచ్చేయాలి. ఇష్టపడి ఇచ్చినవాటికి మాత్రం కడప భగవాన్ మహావీర్ మ్యూజియంలో ఒక అద్దాల బీరువా కేటాయించండి.

ఇంట్లో దాచుకోవడం నేరమేమోనన్న భయం కొందరికి ఉంది. సైనికుడినని నమ్మించాలని ధరిస్తేనో, వెంట పెట్టుకుని తిరిగితేనో మాత్రమే నేరమని సిబ్బంది చేత చెప్పించండి. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువును 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం సొంతంగా విదేశాలకు పంపకూడదన్న సంగతీ చెప్పించండి. ఆన్‌లైన్లో బయటి దేశపు బేరం వస్తే చాలామంది అది తెలియకనే పంపేస్తారు.

మాజీ సైనికుల, వారి భార్యల జాబితా ఆ కార్యాలయంలోనే ఉంటుంది. అందులో అందరికంటే వయసు మళ్లినవాళ్ల ఇళ్లకు ముందుగా మనుషుల్ని పంపించండి. పెట్టెలో ఉన్న బిళ్ళ ఎవరిదో ఇంకా చెప్పగలిగేది వాళ్లే.

ఇట్లు,
పాత సైనిక చిహ్నాలను సేకరించి భద్రపరిచే కడప వాసులం