ఫోర్స్ కొట్టే ముందు కంప్యూటర్‌ను అడుగు

అనంతపురం,
ఆదివారం

చిన్నాకు,

రాత్రి నువ్వు చెప్పిందాంట్లో సగం మీ ఆఫీసు జనరేటర్ మింగేసింది. నాకు అర్థమైంది ఇది: సర్వర్ నుంచి కంప్యూటర్లన్నింటికీ పెట్టే స్క్రీన్ లాక్, పెన్‌డ్రైవ్ బ్లాక్ పాలసీలు (విండోస్ గ్రూప్ పాలసీలు) కర్నూలు హెడ్డాఫీసులో బాగానే పడుతున్నాయి, ఆదోని బ్రాంచిలో మాత్రం కొన్ని కంప్యూటర్లకే పడుతున్నాయి. మీ మేనేజరేమో అన్నింట్లో జీపీఅప్‌డేట్ ఫోర్స్, అంటే పాలసీలన్నీ ఇప్పుడే మళ్లీ తెచ్చుకో అనే కమాండ్, కొట్టమంటున్నాడు. కొడితే నష్టం లేదులే. కానీ కంప్యూటర్ ఎలాగూ 90 నిమిషాలకోసారి, ఒక్కోసారి ఇంకో 30 నిమిషాల దాకా ఆలస్యంగా, తనంతట తనే పాలసీ తెచ్చుకుంటుంది. వారం నుంచి రానిది ఫోర్స్ కొడితే ఎందుకొస్తుంది?

పాలసీ పడిన కంప్యూటర్ ఒకటి, పడనిది ఒకటి తీసుకో. రెండింట్లోనూ కమాండ్ ప్రాంప్ట్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి జీపీరిజల్ట్ స్లాష్ ఆర్ కొట్టు. మామూలుగా తెరిస్తే యూజర్ భాగమే చూపిస్తుంది, కంప్యూటర్ భాగం రాదు. పాలసీ ఏ డొమైన్ కంట్రోలర్ (కంపెనీ కంప్యూటర్ల లాగిన్లు, పాలసీలు చూసే సర్వర్) నుంచి వచ్చింది, ఆఖరుసారి ఎప్పుడు వచ్చింది, ఏవి ఎందుకు ఆగిపోయాయి అన్నీ అందులో ఉంటాయి. సర్వర్‌లో కూర్చుని పాలసీ మార్చేవాళ్లే ఎక్కువ, ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చదివేవాళ్లు తక్కువ.

మొండికేసేవి కొత్తగా కొన్నవైతే నా అనుమానం ఒకటే. డొమైన్‌లో చేర్చిన కంప్యూటర్‌ను ఎవరూ కదపకపోతే 'కంప్యూటర్స్' అనే దాంట్లోనే పడి ఉంటుంది. చూడ్డానికి ఓయూ (పాలసీలు లింక్ చేసే ఫోల్డర్ లాంటిది) లాగే ఉంటుంది గానీ ఓయూ కాదు, దానికి పాలసీ లింక్ చేయలేం. సరైన ఓయూలోకి మార్చి ఒకసారి రీస్టార్ట్ చెయ్యి.

పాతవి కూడా మొండికేస్తున్నాయంటే ఆదోని కంట్రోలర్‌ను చూడాలి. ఒక పాలసీలో సగం యాక్టివ్ డైరెక్టరీలో, అంటే కంట్రోలర్‌లో ఉండే డేటాబేస్‌లో ఉంటుంది, మిగతా సగం సిస్‌వాల్ అనే షేర్డ్ ఫోల్డర్‌లో ఫైళ్లుగా ఉంటుంది. రెండూ ఒక కంట్రోలర్ నుంచి ఇంకో కంట్రోలర్‌కు వేర్వేరు దారుల్లో పోతాయి. మన ఎగువ కాలువ చివరి ఆయకట్టు రైతును అడుగు, నీళ్లు వదిలారన్న కబురు ముందొస్తుంది, నీళ్లు తర్వాతెప్పుడో. ఇదీ అంతే. రెండు కంట్రోలర్లలోనూ ఆ పాలసీ ఫోల్డర్‌లో ఉన్న జీపీటీ డాట్ ఐఎన్ఐ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరువు. వెర్షన్ నంబర్లు వేరుగా ఉంటే దొంగ దొరికినట్టే. కంట్రోలర్ల మధ్య కాపీలు సరిగా పోతున్నాయో చూపే రెప్‌అడ్మిన్ కమాండ్ అంతా బాగుందన్నా నమ్మేయకు, అది డైరెక్టరీ సంగతే చెబుతుంది. సిస్‌వాల్ కోసం, ఆ ఫైళ్లను కాపీ చేసే డీఎఫ్ఎస్ రిప్లికేషన్ లాగ్ వేరే చూడాలి.

ఒకరోజు వచ్చి ఒకరోజు రాకపోతే డీఎన్ఎస్ (పేరు అడిగితే అడ్రసు చెప్పే సర్వర్) చూడు. నెట్ స్లోగా ఉందని రెండో డీఎన్ఎస్‌గా గూగుల్‌ది పెట్టేవాళ్లు ప్రతి బ్రాంచిలోనూ ఒకరుంటారు. దానికి మీ డొమైన్ కంట్రోలర్ ఎక్కడుందో ఏం తెలుస్తుంది?

ఇంకోటి. మిగతావన్నీ వచ్చి ఒక్క యూజర్ పాలసీ మాత్రం ఎవరికీ రాకపోతే, పాలసీ ఎవరికి పడాలో చెప్పే సెక్యూరిటీ ఫిల్టరింగ్‌లో ఆథెంటికేటెడ్ యూజర్స్ (లాగిన్ అయిన యూజర్లు, కంప్యూటర్లు అన్నీ) తీసేసి అకౌంట్స్ గ్రూపు ఒక్కటే పెట్టి ఉంటారు. 2016 జూన్‌లో వచ్చిన మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ నుంచి యూజర్ పాలసీని కూడా కంప్యూటర్ ఖాతాతోనే చదువుతుంది. కాబట్టి డెలిగేషన్ ట్యాబ్‌లో డొమైన్ కంప్యూటర్స్‌కు రీడ్ ఇవ్వు. అప్లై ఇవ్వొద్దు.

రిపోర్టులు నాకు వాట్సాప్‌లో పంపకు నాయనా, అవి మీ కంపెనీవి. ఆగిపోయిన పాలసీల కింద ఏం రాసుందో ఫోన్‌లో చదివితే చాలు. ఆ జనరేటర్‌కు దూరంగా వెళ్లి చెయ్యి. నాయన నీ బండి ఇన్సూరెన్స్ కట్టేశాడు, కాగితం వచ్చే వారం నువ్వొచ్చినప్పుడు తీసుకో.

అమ్మ