130వ ర్యాంకు ఒక్కటే వేసి ఊరుకోకండి, ఆ 6.9 గురించి కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఐక్యరాజ్యసమితి వాళ్ల మానవాభివృద్ధి సూచీ వచ్చిన ప్రతిసారీ మీ పేపర్లో ఒక మూల చిన్న బాక్సు కనిపిస్తుంది. 2025లోనూ అంతే, 193 దేశాల్లో మనది 130, ఐస్‌లాండ్ మొదటిది, దక్షిణ సూడాన్ ఆఖరిది, అంతటితో అయిపోయింది. నేను మా ఊళ్లో డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాస్తాను, యానిమేటర్ అంటారు. రోజూ లెక్కలతోనే పని కాబట్టి ఆ 130 ఎలా వచ్చిందో చూద్దామని మా అమ్మాయి చేత ఫోన్‌లో ఆ రిపోర్టు తీయించి, ఇద్దరం రెండు రాత్రులు కూర్చుని చదివాం. చదువుతూ చదువుతూ నేను 6.9 అనే అంకె దగ్గర ఆగిపోయాను.

25 ఏళ్లు దాటిన భారతీయులు సగటున ఎన్నేళ్లు బడికి వెళ్లారో చెప్పే అంకె అది. ఏడో తరగతి కూడా నిండలేదు. దాని పక్కనే 13 అని ఇంకో అంకె ఉంది. పరిస్థితులు ఇప్పుడున్నట్టే ఉంటే ఈ ఏడాది బడిలో చేరే పిల్ల మొత్తం ఎన్నేళ్లు చదువుతుందని వేసిన అంచనా అది. మా ఇంటి లెక్కే చెప్తాను. మా అమ్మకి బడి అంటే తెలీదు, సున్నా. మా ఆయన ఏడు, నేను పది. మూడూ కూడి మూడుతో భాగిస్తే ఆరు కూడా రాదు. మా అమ్మాయి ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉంది, 16 ఏళ్ల చదువు, కానీ దానికి ఇంకా 25 నిండలేదు కాబట్టి ఆ సగటులోకి రాదు. 6.9కీ 13కీ మధ్య ఉన్న దూరం మా ఇంట్లో మా అమ్మ మంచానికీ మా అమ్మాయి పుస్తకాల బల్లకీ మధ్య ఉంది.

ఈ సూచీని 1990లో మొదలుపెట్టింది పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్. మన అమర్త్య సేన్ ఆయనకి తోడున్నారు. మనుషుల బతుకుని ఒక్క అంకెలో పెట్టడం ఏమిటని సేన్‌కి మొదట్లో ఇష్టం లేదట. కానీ దేశాలను జాతీయాదాయం అనే ఒక్క అంకెతో కొలిచే అలవాటు మానిపించాలంటే దానికి పోటీగా ఇంకో అంకె ఉండాల్సిందేనని హక్ పట్టుబట్టారు. అలా ఆయుర్దాయం, చదువు, తలసరి ఆదాయం మూడూ కలిపి లెక్క కట్టారు. 2010 నుంచి ఈ మూడింటినీ కూడి సగటు తీయడం మానేసి, గుణించి ఘనమూలం తీస్తున్నారు. ఇలా చేస్తే ఒకదాంట్లో వెనకబడిన లోటుని ఇంకోదాంతో పూడ్చుకోవడం మునుపటంత తేలిక కాదు. ఇది నాకు చాలా నచ్చింది.

మనం ఎదగలేదని నేను అనడం లేదు. 1990లో మన సగటు ఆయుర్దాయం 58.6 ఏళ్లు, 2025 రిపోర్టులో 72. అది చిన్న విషయం కాదు, మా అమ్మ ఇవాళ నా పక్కన ఉందంటే అందులో ఆ మార్పు కూడా ఉంది. కానీ పక్కనున్న శ్రీలంకని చూడండి. 2022లో ఆ దేశం దివాలా తీసింది, పెట్రోలు కోసం రోజుల తరబడి బారులు తీరారు, అధ్యక్షుడు దేశం వదిలి వెళ్లిపోయాడు, అవన్నీ మీరే మొదటి పేజీలో వేశారు. అయినా ఈ సూచీలో వాళ్లు 89వ స్థానంలో ఉన్నారు, మనకంటే ఐదేళ్లకు పైగా ఎక్కువ బతుకుతున్నారు, వాళ్ల పెద్దవాళ్ల చదువు సగటున పదేళ్లు దాటింది. 1945లోనే అక్కడ చదువు ఉచితం చేశారు. ఖజానా ఖాళీ అయినా మనిషి చదువుకున్న చదువు ఎక్కడికీ పోదు కదా.

చదువూ ఆయుష్షూ వేర్వేరు గడుల్లో రాస్తారు గానీ ఇంట్లో అవి వేరు కావు. మా అమ్మ బీపీ మాత్రని షీటు రంగు చూసి గుర్తుపట్టేది. ఒకసారి మందుల షాపులో అదే మాత్ర వేరే కంపెనీది ఇచ్చారు, రంగు మారింది, అది కొత్త మందు అనుకుని పాతదీ కొత్తదీ రెండూ వేసుకుని బావి దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. పేరు చదవడం వస్తే ఆ మూడు రోజులు ఉండేవి కావు, ఆ టెన్షనూ ఉండేది కాదు.

ఇంకొక అంకె కూడా మీరు వేయలేదు. ఎవరికి ఎంత అందుతోందో చూసి, ఆ తేడాలను కూడా లెక్కలోకి తీసుకుంటే మన సూచీ విలువ 0.685 నుంచి 0.475కి పడిపోతుంది, అంటే 30.7 శాతం పోయింది. ఊళ్లో తిరిగే నాలాంటివాళ్లకి ఇది కొత్త కాదు, ఒకే వీధిలో అటు చివర ఇల్లు వేరు, ఇటు చివర ఇల్లు వేరు.

అసలు ఈ ఉత్తరం రాయాలనిపించింది నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తొచ్చి. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా రాత్రి బడులు నడిచాయి, పగలంతా కూలికి వెళ్లిన ఆడవాళ్లు రాత్రి పలక పట్టుకుని కూర్చున్నారు, చదువుతోపాటు ఇంట్లో డబ్బంతా సారాకి ఎలా పోతోందో మాట్లాడుకున్నారు, ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నారు. ఆ ఉద్యమం ఆ ఊరి రోశమ్మ పేరుతో రాష్ట్రమంతా పాకింది, 1993లో ప్రభుత్వం సారా నిషేధించింది. వాళ్ల ఇళ్లలో అన్నం ఉడికింది, దెబ్బలు తగ్గాయి. జీవన నాణ్యత అంటే నాకు తెలిసింది అదే. కానీ రాత్రి బడి చదువు ఈ సూచీలో చదువుగా లెక్కకి రాదు, బడి మొహం చూడని ఆ తల్లులందరూ ఈ లెక్కలో సున్నాలే. అందుకే ఈ సగటు పిల్లల్ని బడిలో వేయడంతోనే పెరుగుతుందని, పెద్దవాళ్లని వదిలేయవచ్చని ఎవరైనా అనుకుంటే నాకు బాధేస్తుంది. పిల్లలు పెరిగి 25 దాటేకొద్దీ 6.9 దానంతటదే పెరుగుతుంది, నిజమే, మరి మా అమ్మ వయసువాళ్లు అప్పటిదాకా మందుల షీటు రంగులు చూసుకుంటూ ఉండాలా?

15 ఏళ్లు దాటి చదువు రానివాళ్ల కోసం కేంద్రం ఉల్లాస్ అనే కార్యక్రమం 2022లో మొదలుపెట్టింది, 2027 దాకా ఉంటుంది. మీ విలేకరులను ఆంధ్రాలో, తెలంగాణలో నాలుగు ఊళ్లకు పంపండి, రాత్రి పూట ఆ తరగతులు నిజంగా జరుగుతున్నాయా, ఎవరొస్తున్నారు, ఎవరు మధ్యలో మానేస్తున్నారు, ఎందుకు మానేస్తున్నారు, ఫొటోతో సహా వేయండి. వచ్చే ఏడాది ఆ బాక్సు వేసేటప్పుడు ర్యాంకు పక్కన చదువు ఏళ్లు కూడా వేయండి, మగవాళ్లవి వేరుగా, ఆడవాళ్లవి వేరుగా. మా సంఘం సమావేశంలో నేను చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక డ్వాక్రా యానిమేటర్,
అనంతపురం జిల్లా